మూస పాత్రతో మనల్నే ఇరికించే సినిమాలు: వాటిని విప్పి చూసే పద్ధతి

తెర మీదకి ఒక మనిషి వస్తాడు. మాసిన గడ్డం, మెడ మీద పచ్చబొట్టు, కటువైన చూపు. ఇంకా నోరు తెరవలేదు, పేరు కూడా తెలియదు. అయినా 'వీడేదో తేడాగా ఉన్నాడు' అని మనం తేల్చేస్తాం. చాలా సినిమాలకు మన ఈ తొందరపాటు ఒక సౌకర్యం. రెండు రెండున్నర గంటల్లో కథ ముగించాలి, ప్రతి మనిషినీ మొదటినుంచీ పరిచయం చేసే తీరిక ఉండదు. మూసలో పోసిన పాత్రను నిలబెడితే మిగతాది ప్రేక్షకుడే పూరించుకుంటాడు. కొన్ని సినిమాలు మాత్రం ఈ అలవాటును మన మీదకే తిప్పుతాయి. ముందు మూసను చూపిస్తాయి, మన చేతే తీర్పు చెప్పిస్తాయి, ఆ తర్వాత ఆ తీర్పును తెచ్చి మన ముందు పెడతాయి.

ఈ రెండో రకం సినిమాను ఎలా గుర్తుపట్టాలి, ఎలా విడదీసి చూడాలి, అది నిజంగా మన అభిప్రాయాన్ని కదిలించిందా లేక ట్విస్ట్‌తో చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయిందా అన్నది ఎలా తేల్చుకోవాలి? ఈ వ్యాసం ఆ పని గురించే. నాకున్న నమ్మకం ఒకటి ముందే చెప్పేస్తాను: ఈ పనిని నిజాయితీగా చేసే సినిమా అబద్ధం చెప్పదు, ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలో మనం ఏం పోశామో వెతకడమే కింది మెట్లన్నిటి లక్ష్యం.

కావలసినవి: మీరు ఇంతవరకూ చూడని ఒక సినిమా, కాగితం, కలం, రెండుసార్లు చూసే ఓపిక. ఒక హెచ్చరిక కూడా. కింద కొన్ని సినిమాల ముగింపులు బయటపెట్టక తప్పలేదు. 'కహానీ', 'కేరాఫ్ కంచరపాలెం', 'గెట్ అవుట్', 'జూటోపియా' చూడనివాళ్లు ముందు అవి చూసి రావడమే మంచిది.

మొదటి మెట్టు: తీర్పును వేడిగా ఉండగానే రాసిపెట్టండి

సినిమా మొదలైన పది పదిహేను నిమిషాలకు ఆపండి. అప్పటిదాకా కనిపించిన ముఖ్యమైన పాత్రల్లో ఒక్కొక్కరి గురించి మూడు ముక్కలు రాయండి: ఈ మనిషిని నమ్మొచ్చా, ఎలాంటి ఇంట్లోంచి వచ్చి ఉంటారు, చివరికి ఏం చేస్తారు. బాగా ఆలోచించి రాయొద్దు, మర్యాదగా అసలే రాయొద్దు. 'పాపం అమాయకురాలు', 'డబ్బు మదం', 'ముసలాయన, ఈయన వల్ల ఏమవుతుంది' ఇలా మనసులో ఏది పుడితే అదే. ఈ కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి మొహమాటం అనవసరం.

మనసులో గుర్తుంచుకుంటే చాలదా అంటే, చాలదు. అసలు సంగతి బయటపడ్డాక జ్ఞాపకం తనంతట తాను సర్దుకుంటుంది. 'నాకు మొదట్నుంచీ అనుమానమే' అనేవాళ్లలో చాలామంది కావాలని బడాయి పోరు. వాళ్లకు నిజంగానే అలా గుర్తుంటుంది.

తొలి తీర్పు ఎంత తొందరగా పడుతుందో చూపించిన అధ్యయనం ఒకటి 2006లో వచ్చింది. మనస్తత్వ పరిశోధకులు జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ తొదొరోవ్ కొందరికి అపరిచితుల ముఖాలను సెకనులో పదో వంతు మాత్రమే చూపించి, నమ్మదగిన మనిషేనా, సమర్థుడేనా అని అడిగారు. ఎంతసేపైనా చూడొచ్చని చెప్పినప్పుడు వచ్చే అంచనాలకూ ఈ అంచనాలకూ పెద్ద తేడా లేదు. ఎక్కువ సమయం ఇచ్చినప్పుడు ముఖ్యంగా పెరిగింది తమ అంచనా మీద తమకున్న ధీమా. అంతకు చాలా ముందు, 1946లో, మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ ఇంకో కోణం పట్టుకున్నాడు. ఒక మనిషి గురించి 'తెలివైనవాడు, కష్టపడేవాడు' అని మొదలుపెట్టి 'మొండివాడు, అసూయపరుడు' అని ముగిస్తే విన్నవాళ్లకు మంచి అభిప్రాయం కలిగింది. అవే మాటలు తిరగేసి చెబితే అభిప్రాయం పాడైంది. ముందు విన్నది తర్వాత విన్నదానికి రంగు పూస్తుందన్నమాట. సినిమాలో ఏది ముందు రావాలో నిర్ణయించేది దర్శకుడు, ఎడిటర్. అంటే మన మొదటి అభిప్రాయం సగం వాళ్ల చేతుల్లో తయారైనదే. మిగతా సగం మనం ఇంటినుంచి తెచ్చుకున్నది.

రెండో మెట్టు: చూపించింది ఏది, మీరు కలిపింది ఏది

ఇదే అసలైన పని, దీనికి తొందరపడొద్దు. కాగితాన్ని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు తెర మీద కంటికి కనిపించినవి, చెవికి వినిపించినవి మాత్రమే. కుడివైపు వాటినుంచి మీరు ఊహించుకున్నవి. 'పచ్చబొట్టు ఉంది' ఎడమవైపు. 'జైలుకి వెళ్లొచ్చాడు' కుడివైపు. మొదటిసారి చేసినప్పుడు కుడివైపు ఎంత పొడుగ్గా వస్తుందో చూస్తే కాస్త సిగ్గేస్తుంది.

సాధన చేయడానికి సిడ్నీ లూమెట్ 1957లో తీసిన '12 యాంగ్రీ మెన్'కి మించిన సినిమా నాకు తెలియదు. తండ్రిని చంపాడన్న ఆరోపణ మీద ఒక కుర్రాడిని విచారించారు. పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక గదిలో కూర్చుని అతను దోషా కాదా తేల్చాలి. ఆ కుర్రాడి ముఖం మనకు మొదట్లో కొన్ని క్షణాలు కనిపిస్తుంది, అంతే. అంటే ఎడమవైపు రాయడానికి దాదాపు ఏమీ ఉండదు. మొదటి ఓటింగ్‌లో పదకొండు మంది దోషి అంటారు, ఒక్కడే కాదంటాడు. పదకొండు మందిలో కొందరి దగ్గర ఉన్నదల్లా కుడివైపు జాబితానే: మురికివాడ, కత్తి, 'వాళ్లంతా అంతే'. ఆ 'వాళ్లు' ఎవరో సినిమా ఎక్కడా స్పష్టంగా చెప్పదు. ఎక్కడ చూసినా, ఎప్పుడు చూసినా ప్రేక్షకుడు తనకు తెలిసిన 'వాళ్ల'ను ఆ చోట కూర్చోబెట్టుకుంటాడు. ఖాళీ వదలడం అంటే ఇదే.

అంతటితో ఆగితే ఇది కుర్రాడి గురించిన కథే అయ్యేది. జ్యూరీ సభ్యులకు కూడా పేర్లు లేకుండా అంకెలే ఉండటంతో వాళ్లకూ మనం ముద్రలు వేస్తాం: ఈయన ముసలాయన, ఈయన వలస వచ్చిన గడియారాల పనివాడు, ఈయన బేస్‌బాల్ మ్యాచ్‌కి టైమ్ అవుతోందని తొందరపడేవాడు. తర్వాత ఆ ముద్రలను సినిమా ఒక్కొక్కటిగా తిరగేస్తుంది. మురికివాడలో పెరిగానని చెప్పుకోవడానికి ఇబ్బందిపడిన సభ్యుడే, మడత కత్తిని అలవాటున్నవాడు ఎలా పట్టుకుంటాడో చూపించి పోటు దిశ గురించి అనుమానం లేవదీస్తాడు. ఏ నేపథ్యాన్ని నేరానికి రుజువుగా వాడారో ఆ నేపథ్యమే ఇక్కడ జ్ఞానంగా అక్కరకొచ్చింది. సాక్షి ముక్కు మీద కళ్లద్దాల గుర్తులున్నాయని గమనించినవాడు అందరికంటే పెద్దాయన. చూపు మందగించి ఉంటుందని మనం అనుకునే వయసు మరి.

కెమెరా పని కూడా ఎడమవైపు రాయండి. లూమెట్ మొదటి భాగాన్ని కంటి ఎత్తుకన్నా పైనుంచి, విశాలంగా చూపించే లెన్స్‌లతో తీశాడు. క్రమంగా కెమెరా కిందికి దిగుతుంది, లెన్స్‌లు పొడుగు ఫోకల్ లెంగ్త్‌కి (అంటే చోటును ఇరుకుగా, దగ్గరగా చూపించేవాటికి) మారతాయి, చివరికి గది పైకప్పు కనిపిస్తూ గోడలు మీదకి వస్తున్నట్టు ఉంటుంది. మనకు పెరిగే ఉక్కిరిబిక్కిరి ఆ మనుషుల స్వభావం వల్ల వచ్చిందని అనుకుంటాం. అందులో కొంత లెన్స్ పుణ్యమే.

ముఖం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందట చేసిన ప్రయోగం సినిమా విద్యార్థులందరికీ తెలిసిందే. నటుడు మొజుఖిన్ ముఖాన్ని ఏ భావమూ లేని ఒకే షాట్‌గా తీసుకుని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించాడు. చూసినవాళ్లకు అదే ముఖంలో ఆకలి, దుఃఖం కనిపించాయట. కాబట్టి 'అతని కళ్లలో క్రూరత్వం' అన్నది ఎప్పుడూ కుడివైపు రాయాల్సిన మాటే.

మరికొన్ని త్వరగా సరిచూసుకోండి. పాత్ర ప్రవేశించినప్పుడు ఏ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వచ్చింది? మిగతావాళ్లకు లేని యాస ఇతనికి ఉందా? ఇతను తెర మీదకి రాకముందే ఇతని గురించి ఎవరైనా మాట్లాడారా? చివరిది చాలామంది వదిలేస్తారు. తీర్పు అక్కడే పడిపోతుంది.

మూడో మెట్టు: ఎవరి కళ్లతో చూస్తున్నారో కనుక్కోండి

మన దురభిప్రాయం ఒక్కోసారి మనది కూడా కాదు. కథ ఎవరి పక్కన నిలబడి చెబుతోందో వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకున్నది. అందుకని ప్రతి ముఖ్యమైన సీన్‌లో అడగండి: ఈ గదిలోకి నేను ఎవరి వెంట వచ్చాను? ఎవరు ఒంటరిగా ఉన్నప్పుడు కెమెరా వాళ్ల దగ్గర ఉంది? ఎవరు ఒక్కసారి కూడా ఒంటరిగా కనిపించలేదు?

2016 నాటి 'జూటోపియా' పిల్లల యానిమేషన్ సినిమాలాగే ఉంటుంది కానీ ఈ ప్రశ్నకు గట్టి జవాబిస్తుంది. కుందేలు జూడీ పోలీసు ఉద్యోగంలో అందరి చిన్నచూపుకూ గురవుతుంది, మనం ఆమె పక్షాన ఉంటాం. ఆమె నడుముకి నక్కల్ని తరిమే స్ప్రే వేలాడుతుంటుంది. అది తల్లిదండ్రుల చాదస్తం అని నవ్వేసి ఊరుకుంటాం. తర్వాత విలేకరుల సమావేశంలో, వేటజంతువులు అదుపు తప్పడానికి కారణం వాటి పుట్టుకలోనే ఉందన్నట్టు ఆమే మాట్లాడుతుంది. స్నేహితుడైన నక్క నిక్ ఆమె మీదకి వస్తున్నట్టు నటించగానే ఆమె చెయ్యి ఆ స్ప్రే వైపు వెళ్తుంది. వివక్ష అనుభవించిన మనిషికి వివక్ష ఉండదని మనం అనుకున్నాం. ఆ అనుకోవడం కూడా ఒక మూసే. ఆమె వెంట నడిచినందుకు మనకూ అందులో వాటా వస్తుంది.

నాలుగో మెట్టు: ఎత్తు ఏ రకమో పట్టుకోండి

మూసను ప్రేక్షకుడి మీదకి తిప్పే దారులు చాలానే ఉన్నాయి. నాకు ఎక్కువగా తగిలినవి చెబుతాను.

పాత్రే మూసను ముసుగుగా వేసుకోవడం ఒకటి. సుజయ్ ఘోష్ 2012లో తీసిన 'కహానీ'లో నిండు గర్భిణి ఒకామె లండన్ నుంచి కోల్‌కతా వచ్చి తప్పిపోయిన భర్తను వెతుకుతుంది. పోలీసులు జాలిపడతారు, మనమూ జాలిపడతాం. ఆమెను కాపాడాలనే తొందరలో ఆమె ఏం చేస్తోందో చూడం. చివరికి ఆ కడుపు తొడుగని, ఆమె పగ తీర్చుకోవడానికి వచ్చిందని తెలుస్తుంది. ఇక్కడ బయటపడిన దురభిప్రాయంలో ద్వేషం లేదు, దయ ఉంది. నాకు ఈ సినిమా గొప్పగా అనిపించేది అందుకే. దురభిప్రాయం అనగానే అసహ్యమే గుర్తొస్తుంది, జాలి కూడా మనిషిని చిన్నది చేస్తుందని తట్టదు. అదే సినిమాలో కిరాయి హంతకుడు బాబ్ బిశ్వాస్ బొద్దుగా, బెరుగ్గా, ఇన్సూరెన్స్ ఆఫీసు గుమస్తాలా ఉంటాడు. అతనిలో భయం పుట్టించేది ఆ సాదాతనమే.

రెండోది, ప్రేక్షకుడి లెక్కకట్టే అలవాటును వాడుకోవడం. 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. చిన్న పిల్లాడు సుందరం, కుర్రాడు జోసెఫ్, గడ్డం అనే నడివయసు మనిషి, యాభైకి దగ్గరపడిన పెళ్లికాని రాజు. నలుగురు వేరువేరు మనుషులని మనం మారు ఆలోచన లేకుండా అనుకుంటాం. నలుగురూ ఒక్కడే అని తేలినప్పుడు, అంతసేపూ మనల్ని నడిపించింది ఏమిటో వెనక్కి చూసుకోవాలి. పేరు వినగానే మతం, మతం వినగానే వేరే మనిషి, వేరే జీవితం. సినిమా ఒక్కచోట కూడా 'వీళ్లు నలుగురు' అనలేదు. ఆ లెక్క మనది.

మూడో రకం వెనక్కీ ముందుకీ ఊపుతుంది. పాల్ హాగిస్ 'క్రాష్'లో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, తమను చూసి ఒక తెల్లావిడ భయపడిందని వాపోతారు. మనం తల ఊపుతుండగానే వాళ్లే ఆమె కారు లాక్కుపోతారు. తర్వాత ఆవిడే పచ్చబొట్లున్న తాళాల పనివాడిని రౌడీ అనుకుంటుంది, అతను చిన్న కూతురిని ప్రాణంలా చూసుకునే తండ్రి. ఒకసారి అనుమానం నిజమై, ఒకసారి అబద్ధమై ప్రేక్షకుడికి నిలకడ లేకుండా చేస్తుంది. ఈ ఎత్తు పదే పదే వేసేసరికి నాకు మాత్రం పాత్రలు మనుషుల్లా కాక పాఠాల్లా కనిపించాయి.

నాలుగోది జానర్ (సినిమా ఏ కోవకు చెందిందో ఆ కోవ) మీద మనకున్న భరోసాను తిప్పడం. జోర్డన్ పీల్ 2017లో తీసిన 'గెట్ అవుట్' మొదటి సీన్‌లో రాత్రిపూట ఖాళీ వీధిలో ఒక నల్లజాతి యువకుడు నడుస్తుంటాడు. పాత లెక్క ప్రకారం అతన్ని చూసి ఇంకెవరో భయపడాలి. ఇక్కడ భయపడేది అతను. ధనవంతుల శుభ్రమైన కాలనీయే భయంకరమైన చోటు.

అయిదో మెట్టు: గుట్టు విడిన నిమిషంలో మీ శరీరం ఏమంది?

కథలో ఏం జరిగిందన్నది అందరూ రాస్తారు. మీరు ఆ నిమిషంలో మీకేమైందో రాయండి. నవ్వొచ్చిందా, ఊపిరి పీల్చుకున్నారా, గిల్టీగా అనిపించిందా, దర్శకుడి మీద కోపం వచ్చిందా? కోపం వస్తే మరీ మంచిది, అక్కడే ఏదో గట్టిగా తగిలింది.

'గెట్ అవుట్' ముగింపు ఇందుకు పాఠ్యాంశం లాంటిది. హీరో ప్రాణాలతో బయటపడి రోడ్డు మీద ఉన్నాడు, చుట్టూ శవాలు, గాయపడిన తెల్లమ్మాయి. పోలీసు లైట్ల వెలుగు పడుతుంది. మామూలు థ్రిల్లర్‌లో పోలీసులొస్తే గండం గడిచినట్టే. ఇక్కడ ప్రేక్షకుడి గుండె జారిపోతుంది, ఎందుకంటే ఈ దృశ్యాన్ని చూసిన పోలీసు ఎవరిని నేరస్తుడనుకుంటాడో మనకు తెలుసు. కారు తలుపు తెరుచుకుంటే వచ్చింది స్నేహితుడు. పీల్ మొదట తీసిన ముగింపులో నిజంగానే పోలీసులొచ్చి హీరోను జైలుకి పంపుతారు, తర్వాత మార్చాడు. మార్చినా ఆ పాత ముగింపు ఎక్కడికీ పోలేదు. లైట్లు కనిపించిన ఆ కొన్ని సెకన్లలో ప్రతి ప్రేక్షకుడూ దాన్ని తన తలలో చిత్రీకరించేసుకుంటాడు.

ఆరో మెట్టు: రెండోసారి చూసి మోసం ఉందేమో తేల్చండి

ఈసారి ముగింపు తెలుసు కాబట్టి ఆధారాల కోసమే చూడండి. మిమ్మల్ని తప్పుదారి పట్టించిన ప్రతి చోటా ఆగి, అక్కడ సినిమా అబద్ధం చూపించిందా, నిజమే చూపించి మాట్లాడకుండా ఊరుకుందా గుర్తు పెట్టండి. పాత్ర అబద్ధం చెప్పొచ్చు, అది పాత్ర స్వభావం. కెమెరా స్వయంగా అబద్ధం చూపిస్తే మాత్రం లెక్క మారుతుంది. హిచ్‌కాక్ 1950 నాటి 'స్టేజ్ ఫ్రైట్' మొదట్లోనే ఒక ఫ్లాష్‌బ్యాక్ చూపించి, అది కట్టుకథ అని చివర్లో చెప్పాడు. ప్రేక్షకులకు నచ్చలేదు. అలా చేయాల్సింది కాదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

మన విషయంలో ఈ తేడా చాలా పెద్దది. కెమెరా అబద్ధమాడితే ప్రేక్షకుడికి తప్పించుకునే దారి దొరుకుతుంది: 'నన్ను మోసం చేశారు, నా తప్పేముంది?' ఆధారాలన్నీ కళ్లముందే పెట్టి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. రెండోసారి చూసినప్పుడు మరింత బాగున్న సినిమా ఈ పరీక్షలో నెగ్గినట్టే.

ఏడో మెట్టు: ముట్టుకోని మూసలను లెక్కపెట్టండి

ఒక మూసను పగలగొట్టిన సినిమా పక్కనే ఇంకో మూసను భద్రంగా దాచి ఉండొచ్చు. హీరో విషయంలో అంత సున్నితంగా ఉన్న కథలో పనిమనిషికి రెండు డైలాగులే ఉన్నాయా? లావుగా ఉన్నవాడు నవ్వించడానికే ఉన్నాడా? '12 యాంగ్రీ మెన్' గదిలో ఒక్క ఆడమనిషి లేదు. 'జూటోపియా'లో వేటజంతువులు ఒకప్పుడు నిజంగానే మిగతావాటిని తినేవి, అంటే కుందేళ్ల భయానికి చరిత్రలో ఆధారం ఉంది. మనుషుల మధ్య వివక్షకు దాన్ని పోలికగా తీసుకుంటే ప్రమాదమే.

అన్నిటికంటే తరచుగా కనిపించే లోపం 'మంచి మినహాయింపు'. 1967 నాటి 'గెస్ హూజ్ కమింగ్ టు డిన్నర్'లో తెల్లమ్మాయి పెళ్లాడాలనుకున్న నల్లజాతి యువకుడిగా సిడ్నీ పోయిటియర్ నటించాడు. అతను పేరున్న వైద్యుడు, సంస్కారవంతుడు, వంక పెట్టడానికి వీల్లేనివాడు. ఆ కాలానికి అది సాహసమే. కానీ అంత గొప్పవాడైతేనే అల్లుడిగా ఒప్పుకోవాలా అన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఇది విమర్శకుల చాదస్తం కాదు. మనస్తత్వ పరిశోధకులు రెనీ వెబర్, జెన్నిఫర్ క్రాకర్ 1983లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలిందేమంటే, మూసకు పూర్తి విరుద్ధంగా ఉండే ఇద్దరు ముగ్గుర్ని చూపిస్తే జనం వాళ్లను ప్రత్యేకమైన కోవలో పెట్టి పాత అభిప్రాయాన్ని అలాగే ఉంచుకుంటారు. ఆ గుంపులో చాలామంది మీద కొంచెం కొంచెంగా తేడా చూపిస్తే అభిప్రాయం ఎక్కువగా కదులుతుంది. కాబట్టి సినిమాలో ఆ వర్గం మనుషులు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఒక్కడే ఉండి, వాడు దేవుడిలాంటివాడైతే అనుమానించండి. నలుగురైదుగురు ఉండి, వాళ్లలో ఒకడు పిసినారి, ఒకడు తెలివైనవాడు, ఒకడు ఒట్టి బోరు అయితే దర్శకుడికి పని తెలుసు.

ఎనిమిదో మెట్టు: నలుగురితో కలిసి మాట్లాడేటప్పుడు

ఒంటరిగా చేసినదానికంటే ఇది బాగా పనిచేస్తుంది, ఒక షరతు మీద. సినిమా నడుస్తుండగానే ఎవరి కాగితం వాళ్లు రాసుకోవాలి, ముగిసేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. తర్వాత 'సినిమా ఎలా ఉంది' అని మొదలుపెట్టొద్దు, చర్చ నటన, పాటల వైపు పోతుంది. 'ఫలానా పాత్ర గురించి పదిహేనో నిమిషంలో ఏం రాశారు' అని అడగండి. ఒకే సీన్ చూసి ఒకరు 'దొంగ' అనీ, ఇంకొకరు 'అలసిపోయిన మనిషి' అనీ రాసి ఉంటారు. ఆ ఇద్దరినీ ఏ వివరం చూసి అలా అనుకున్నారో చెప్పమనండి. చాలాసార్లు ఇద్దరూ ఒకే వివరం చూపిస్తారు.

వలలో అసలు పడని మనిషి కూడా ఒకరు ఉంటారు. కాగితం మీద ముందే సరిగ్గా రాసి ఉంటే, అది తెలివి అని మెచ్చుకుని ఊరుకోవద్దు, ఎలా తెలిసిందో అడగండి. కొందరికి సినిమాలు ఎక్కువ చూడటం వల్ల ట్విస్ట్ వాసన తెలుస్తుంది, అది దురభిప్రాయానికి సంబంధించిన సంగతే కాదు. కొందరికి అలాంటి ముద్ర తమ మీదే పడిన అనుభవం ఉంటుంది. వాళ్లు తమంతట తాము చెబితే వినండి, చెప్పమని ఒత్తిడి చేయొద్దు, వాళ్ల వర్గం అందరి తరఫునా జవాబివ్వమని అసలే అడగొద్దు. ఇష్టం లేదంటే తర్వాతి సీన్‌కి వెళ్లిపోండి.